తిరుపతికి గంటా పది నిమిషాలు

ఇప్పుడు మా వీధిలో ఎవరు ఎదురుపడినా ఒకటే మాట అడుగుతున్నారు. కలబుర్గి నుంచి తిరుపతికి విమానంలో ఎంతసేపు పడుతుందని. పాలు పోసే అమరేశప్ప అడిగాడు. కూరగాయల బండి దగ్గర హనుమవ్వ అడిగింది, చేతిలో వంకాయ పట్టుకుని, బేరం మధ్యలో ఆపేసి మరీ. గంటా పది నిమిషాలు అంటాను. దూరమెంత అంటే, మా ప్రాణేశ్‌ను అడగండి, వాడు ఫోన్లో చూసి చెప్తాడు అని లోపలికి వచ్చేస్తాను. మామూలుగా అయితే నన్ను ఒక్క మాట అడిగిన మనిషి అర్ధగంటకు గానీ ఇంటికి పోలేడు. ఈ ఒక్క సంగతి దగ్గరే నాకు నోరు పెగలదు.

మా చెల్లె తులసి నాకన్నా ఎనిమిదేళ్ళు చిన్నది. నా చంక దిగకుండా పెరిగింది. శక్తినగర్‌లో కరెంటు ప్లాంటు కడుతున్న రోజుల్లో రేణిగుంట నుంచి పాండురంగయ్య అనే పిల్లవాడు ఉద్యోగానికి వచ్చి, రాయచూరులో మా ఇంటి ముందరి గదిలో అద్దెకు దిగాడు. పొద్దున్నే ప్లాంటు బస్సెక్కి పోయేవాడు, సాయంత్రం తలనిండా సిమెంటు దుమ్ముతో వచ్చేవాడు. బావి దగ్గర అతను తల కడుక్కుంటుంటే తులసి తలుపు చాటు నుంచి నవ్వేది. ఆ నవ్వు చూసే మా నాయన పిల్లనిచ్చాడు. పెళ్ళయ్యాక ప్లాంటు క్వార్టర్స్‌లోనే కాపురం. పిల్లలు కలగలేదు. ప్రతి ఆదివారం బస్సెక్కి వచ్చి నా వంటింట్లో కూర్చునేది. అతను రిటైరయ్యాక రేణిగుంట వెళ్ళిపోయారు. అక్కడ అతని అక్క మునెమ్మ వాళ్ళదీ వీళ్ళదీ ఒకటే వాకిలి. విమానాలు దిగే చోటు ఆ ఇంటికి ఎంత దగ్గరంటే, విమానం వస్తే గూట్లో గిన్నెలు గలగలమంటాయి. నాతో మాట్లాడుతూ మాట్లాడుతూ తులసి ఫోను పైకెత్తి పట్టుకునేది. "ఇను అక్కా, దిగుతున్నది. నువ్వు గిట్ల దిగితె నడుచుకుంటనే మా ఇంటికి రావచ్చు" అనేది.

మునెమ్మ సంగతి కూడా చెప్పాలి. మంచి మనిషే, కానీ నోరు ఊరుకోదు. తులసి పెళ్ళిలో మా పెట్టిపోతలు చూసి, "మీ రాయచూరులో ఎండా దుమ్మూ తప్ప ఇంకేముండాది లే" అంది. ఆ తర్వాత ఎప్పుడు కలిసినా అదే మాట. నవ్వుతూనే అనేది. నేనూ నవ్వుతూనే వినేదాన్ని. కానీ ఆ మాట లోపల ఎక్కడో ముల్లు మాదిరి ఉండిపోయింది.

ఆ రోజు తెల్లవారేసరికి పాండురంగయ్య ఫోను. "వదినా, తులసి పోయింది" అన్నాడు, అంతే. నిద్రలోనే పోయిందట. అతను ఇంకేమీ మాట్లాడలేకపోతే మునెమ్మ ఫోను తీసుకుంది.

"రేపు అమావాస్య. ఈ పొద్దే ఎత్తాల. పుట్టింటి చీర రానిదే ఎత్తేదానికి లేదు. మీరెప్పుడొస్తారో చెప్తే దాన్ని బట్టి చూసుకుంటాం."

ముత్తయిదువుగా పోయిన మనిషికి పుట్టింటి నుంచి చీర రావాలి, పసుపు కుంకుమ, గాజులు, పూలు రావాలి. అన్నిటికన్నా ముందు ఆ చీర కప్పాలి. అది కప్పనిదే పాడె లేవదు. పాడె లేవనిదే ఆ వాకిట్లో ఏ ఇంట్లోనూ పొయ్యి వెలగదు. మా అన్నదమ్ములు ఎప్పుడో పోయారు. తులసికి పుట్టిల్లంటే ఇక నేను, నా కొడుకు ప్రాణేశ్.

నా పెట్టెలో ఒక ఇల్కల్ చీర ఉంది. ఆకుపచ్చ ఒళ్ళు, ఎర్ర కొంగు. దసరాకు వస్తానంటే తులసికోసమే కొని పెట్టాను. ఆమె రాలేదు. ఆ చీరే తీసి మూట కట్టాను. అప్పటికి నాకు ఏడుపు కూడా రాలేదు, చేతులు మాత్రం పని చేస్తున్నాయి.

ప్రాణేశ్‌కు మోటార్లకు తీగ చుట్టే దుకాణం ఉంది. ఏ పని అయినా ఫోన్లో చూడనిదే చెయ్యడు. అప్పుడూ చూశాడు.

"అమ్మా, కారుల పోతె తొమ్మిది పది గంటలైతది. గిది చూడు. మధ్యాహ్నం కలబుర్గి నుంచి తిరుపతికి విమానమున్నది. గంటా పది నిమిషాలే!"

మా ఆయన గోవిందప్పకు మోకాళ్ళ నొప్పులు. మంచం మీద నుంచే కేకేశాడు. "తిరుపతి దిక్కు పోవాల్నంటే కలబుర్గి దిక్కు పోతరారా ఎవరన్న? ఇది దక్షిణం, అది ఉత్తరం. సీదా కారెక్కి పోండ్రి. దారిల ఏమైన ఐతె కనీసం ఏ ఊర్ల ఉన్నమో తెలుస్తది."

"నాయ్నా, నీకు తెల్వదు ఊకో."

"నాకు తెల్వదు. మీ అమ్మకు తెలుసు, అడుగు."

ఇద్దరూ నా వైపు చూశారు. చెప్పాల్సింది నేనే. నాకు ఆ క్షణాన తులసి కన్నా ముందు మునెమ్మ ముఖం కనపడింది. రాయచూరు వాళ్ళు విమానం దిగి వచ్చారని ఆ వాకిట్లో అందరూ అనుకోవడం కనపడింది.

"విమానంలనే పోదం" అన్నాను.

ప్రాణేశ్ వెంటనే రేణిగుంటకు ఫోను చేశాడు. "చిన్నాయనా, విమానంల వస్తన్నం. గంటా పది నిమిషాలే."

అంతే చెప్పాడు. ముందు కలబుర్గి దాకా కారులో పోవాలని చెప్పలేదు. విమానం మధ్యాహ్నానికని చెప్పలేదు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. తక్కినది కూడా చెప్పరా అని నా నోట రాలేదు. విమానంలో వస్తున్నామన్న ఆ మాట అలా విన్నంతసేపు బాగుంది.

నా మనవరాలు ప్రజ్ఞ కూడా బయలుదేరింది. కాలేజీ పిల్ల. తులసి చిన్నవ్వ అంటే ప్రాణం. ముగ్గురం కారెక్కి శక్తినగర్ మీదుగా కృష్ణ దాటాం. పొగగొట్టాలు ఎడమ పక్క నుంచి పోతుంటే అప్పుడు ఏడ్చాను. తులసి బట్టలు ఆరేసుకునే తీగ మీద రోజూ బూడిద పడేది. విదిలించి విదిలించి మడతపెట్టేది.

యాదగిరి ఇంకా రాకముందే రేణిగుంట నుంచి ఫోను. మునెమ్మే. గొంతు నాకు వినపడుతూనే ఉంది. "యాడున్నారు నాయనా? గంటంటిరి గదా. స్నానం చేపించి కూర్చోబెట్టి ఉండాం. ఐసు పెట్టె కూడా వొద్దంటిమి, మీరొచ్చేస్తారని."

"వస్తన్నం అత్తా, ఎక్కుతన్నం" అని ప్రాణేశ్ పెట్టేశాడు.

"ఏందిరా, కారుల కూసోని ఎక్కుతన్నం అంటవు?" అన్నాను.

"ఎక్కినంక గంటే కదమ్మా. ఇప్పుడు మళ్ళ అదంత చెప్తె ఏమనుకుంటరు?"

నేను మూట సర్దుకుని కిటికీ వైపు తిరిగాను. చెప్పు అంటే చెప్పేవాడే.

కలబుర్గిలో ఆ విమానాల స్టేషన్ తెల్లగా, చల్లగా, ఆసుపత్రి మాదిరి ఉంది. సామాన్లన్నీ పళ్ళెంలో పెట్టమన్నారు. కొత్త చీర, పసుపు పొట్లం, కుంకుమ, గాజులు, పూలు. పళ్ళెం ఒక సొరంగంలోకి పోయి అటు పక్క తేలింది. అక్కడ నిలబడ్డ పోలీసు పిల్ల అవి చూసి ముఖమంతా నవ్వుతో, "ఏనజ్జీ, మదువెగె హొరటిదీరా?" అంది. పెళ్ళికి బయలుదేరారా అవ్వా అని.

కాదు, మా చెల్లె చచ్చిపోయింది అని ఆ పిల్లతో అనలేకపోయాను. వెనక జనం ఉన్నారు. "హూనమ్మ" అన్నాను, అవునని.

"ఒళ్ళేదాగలి అజ్జీ" అని ఆ పిల్ల పూల పొట్లం జాగ్రత్తగా నా చేతికిచ్చింది. మంచి జరగాలంది. ఆ పూలు కొంగు కింద దాచుకుని నడిచాను.

విమానం లేదు. మమ్మల్ని తీసుకుపోవాల్సింది ఇంకెక్కడి నుంచో రావాలట, అక్కడే మబ్బుపట్టి ఆగిందట. మధ్యాహ్నం దాటింది. కుర్చీలలో కూర్చున్నాం. ప్రాణేశ్ ఫోను మోగినప్పుడల్లా లేచి దూరం పోయేవాడు. ఒకసారి మా ఆయన చేశాడు. ఫోను నాకిచ్చాడు వాడు.

"ఇంగ కలబుర్గిలనే ఉన్నరా?"

"ఆ."

"కారుల పోయింటె ఈపాటికి కడప దాటుతుంటిరి." "పోనీ, ఏమన్న తిన్నవా?" అన్నాడు.

తినలేదు. అక్కడ రేణిగుంటలో పసిపిల్లలు కూడా తినలేదని అప్పుడు గుర్తొచ్చింది.

చివరికి విమానం వచ్చింది. చిన్నది, మన ఊరి బస్సు కన్నా కొంచెం పెద్దది, అంతే. నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టారు. ఎర్ర రవిక వేసుకున్న అమ్మాయి వచ్చి నా నడుముకు పట్టీ బిగించింది. అది ఒక్కసారి టక్కుమనేసరికి ఉలిక్కిపడి, "ఏందమ్మా, పాలు పిండెటప్పుడు బర్రెను కట్టేసినట్ల కట్టేస్తివి!" అన్నాను. ఆ అమ్మాయికి తెలుగు వచ్చు. పకపకా నవ్వింది. వెనక సీటువాళ్ళు నవ్వారు. నాకూ నవ్వు వచ్చేసింది. పొద్దటి నుంచి బిగబట్టిన ఒళ్ళు, ఆ నవ్వు ఆపితే ఆగలేదు. ప్రజ్ఞ ఫోను నా ముఖం ముందు పెట్టింది. "అవ్వా, ఇటు చూడు" అంది. చూశాను.

ఆ తర్వాత ఫోన్లు ఆపెయ్యమన్నారు.

విమానం పైకి లేచింది. కళ్ళు మూసుకుని తులసిని తలుచుకున్నాను. కళ్ళు తెరిచేసరికి కింద కందిచేలు చాపలు పరిచినట్టున్నాయి. భీమా నది సన్నగా మెరిసింది. మరికాసేపటికి దూరంగా, ఎండలో ఇంకో పెద్ద నది, దాని ఒడ్డున అగ్గిపుల్లలు గుచ్చినట్టు పొగగొట్టాలు, వాటి పొగ ఒకే వైపుకు వంగి, పక్కనే బూడిద చెరువు వెండి పళ్ళెం మాదిరి.

"అగో! అగో ప్రజ్ఞా, మన శక్తినగర్! మన కృష్ణ! అగో, అటు పోతె మన ఇల్లే!" అని కేకలేశాను. చప్పట్లు కొట్టాను. పొద్దున బయలుదేరిన చోటికే, సాయంత్రానికి, ఆకాశంలో తిరిగి వచ్చామని నాకు తట్టనే లేదు. నా బతుకంతా ఆ అరచేతి వెడల్పు నేల మీద జరిగింది. అది అంత ముద్దుగా ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. ఎంతసేపు అలా చూశానో తెలియదు. ఆ సేపంతా మా చెల్లె చచ్చిపోయిందన్న సంగతి నాకు గుర్తులేదు.

ఎర్ర రవిక అమ్మాయి వచ్చి వంగింది. "అమ్మమ్మా, మీ మూట పడిపోయింది" అంది. ఒళ్ళో పెట్టుకున్న చీర మూట జారి కింద పడి ఉంది. నా చెప్పు దాని మీద ఉంది.

తులసి చీర మీద నా చెప్పు. ఆ అమ్మాయి దుమ్ము దులిపి నా చేతికిచ్చింది. ఆ తర్వాత కిటికీ వైపు చూడలేదు.

దిగగానే ప్రజ్ఞ ఫోను తెరిచింది. అది టింగు టింగుమని ఆగకుండా మోగింది. చూసుకున్న పిల్ల ముఖం మాడిపోయింది. బయట టాక్సీ ఎక్కాక నా చెయ్యి పట్టుకుంది.

"అవ్వా, నేను ఒక తప్పు చేసిన. నీ ఫోటో స్టేటస్ పెట్టిన. నువ్వు నవ్వుతున్నది. 'మా అవ్వ మొదటి విమానం' అని రాసిన."

"పెడితె ఏమైతది?"

"నా నంబరు ఉన్నోళ్ళందరు చూస్తరవ్వా. చిన్నవ్వ ఇంటి తాన ఉన్నోళ్ళు కూడ చూసిన్రు. మునెమ్మవ్వ మనవరాలు రాసింది చూడు."

నాకు చదవడం అంతంత మాత్రం. ప్రజ్ఞే చదివింది. 'మీ అవ్వ నవ్వు బాగుంది. ఇక్కడ అందరం చూస్తా ఉండాం.'

"నీకు బుద్ధుందా?" అని ప్రాణేశ్ అరిచాడు.

"దాన్నేం అనకురా" అన్నాను. "అది నవ్వలేదు. నవ్వింది నేను."

ఇల్లు నిజంగానే దగ్గర. తులసి చెప్పింది అబద్ధం కాదు. టాక్సీ మలుపు తిరగగానే డప్పు వినపడింది. వాకిట్లో జనం లేచి నిలబడి ఉన్నారు. నేను దిగాను. అందరూ నా ముఖం వైపు చూశారు, ఫోటోలో ముఖమూ ఇదీ ఒకటేనా అని చూసినట్టు. నేను ఏడుస్తూనే ఉన్నాను. కానీ ఆ ఏడుపు ఎవరు నమ్ముతారు?

"రాండి రాండి" అంది మునెమ్మ. ఆమె కళ్ళు వాచి ఉన్నాయి. "గాల్లో వస్తిరి గదా, అలిసిపోయినారేమో. పొద్దున్నించీ పసిబిడ్డలు పచ్చి మంచినీళ్ళతో ఉండారు మీ గంట కోసం."

మూట విప్పుకుంటూ ముందుకు పోయాను. అప్పటికే తులసి పాడె మీద ఉంది. ఒంటి మీద కొత్త చీర కప్పి ఉంది. పసుపు రంగుది, అంగడి మడతలు ఇంకా పోలేదు. నుదుట పెద్ద కుంకుమ. చేతులకు గాజులు.

పక్కన నిలబడ్డ ఒక ఆడమనిషి ముందుకు వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. "క్షమించండి పెద్దమ్మగారూ. నా పేరు శిల్పండి. ఎదురింట్లో ఉంటాం. మా పుట్టిల్లు రాయచూరు జిల్లాలో తుర్విహాళ దగ్గర ఆంధ్రా రైతుల క్యాంపండి, మావాళ్ళు కాలవ కింద వరి చేస్తారు. పొద్దుగుంకుతోందని పెద్దవాళ్ళు కంగారు పడ్డారు. తులసి పిన్నిగారిదీ నాదీ ఒకటే జిల్లా కదా, పుట్టింటి తరపున నన్ను కప్పమన్నారండి. కప్పాను. ఏమీ అనుకోకండి."

ఏమనుకుంటాను? ఆ పిల్ల ముఖం కూడా నాకు తెలియదు. ఆదివారాలు నా వంటింట్లో చెప్పుకున్నట్టు తులసి ఆ పిల్ల దగ్గరే రాయచూరు కబుర్లు చెప్పుకునేదట. నా చెల్లెకు పుట్టిల్లు ఎదురింట్లో ఉంది. నేను పైన ఎక్కడో చప్పట్లు కొడుతున్నాను.

"ఆ చీర కూడా పైన వెయ్యండమ్మా" అన్నాడు పాడె కట్టిన ముసలాయన. "దూరం బంధువుల చీరలన్నీ అట్లే వేసినాం."

దూరం బంధువుల చీరల మీద నా ఇల్కల్ చీర వేశాను. ఆకుపచ్చ మీద నా చెప్పు మరక బూడిద రంగులో కనపడుతూనే ఉంది. అది ఎవరికైనా కనపడిందేమో తెలియదు. డప్పు గట్టిగా మోగింది. తీసుకుపోయారు.

ఆ పూట చుట్టుపక్కల వాళ్ళు అన్నం తెచ్చారు. మునెమ్మే నాకు కూడా వడ్డించింది. "తినండి వొదినా, మీరూ పొద్దుటి నుంచీ తిని ఉండరు" అంది. ఆ మాటకు బదులు తిట్టినా ఓర్చుకునేదాన్ని.

మూడో రోజు అస్థులు తీసుకొచ్చాక, పాండురంగయ్య వాకిట్లో అరుగు మీద ఒక్కడే కూర్చున్నాడు. నేను మజ్జిగ తీసుకుపోయి ఇచ్చాను. ఆ సమయానికే ఒక విమానం దిగింది. గూట్లో గిన్నెలు గలగలమన్నాయి. ఇద్దరం తలెత్తలేదు.

"వదినా, పైనుంచి మన ప్లాంటు అగుపించిందా?" అన్నాడు. గొంతులో ఎత్తిపొడుపు లేదు. ముప్పై ఏళ్ళకు పైనే అక్కడ పనిచేసిన మనిషి.

"లేదు పాండురంగయ్యా. అంత మబ్బులుండె. ఏం కనబడలే."

అతను మజ్జిగ తాగాడు. గ్లాసు పక్కన పెట్టాడు.

"నేను ఈడనే కూర్చోని మీ విమానం కోసం చూస్తా ఉంటి" అన్నాడు మెల్లగా. "మబ్బు తునక లేదు. మీరు దిగింది కూడా చూస్తి. ఎండ తగిలి మెరిసింది."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆ నవ్వుకు, ఆ చప్పట్లకు, ఆ చెప్పు మరకకు పైన ఈ అబద్ధం ఒకటి. భార్యను పోగొట్టుకున్న మనిషి నన్ను అడిగింది ఆ ఒక్కటి. నా సిగ్గు దాచుకోవడానికి దాన్ని కూడా ఇవ్వలేదు.

"కనబడింది" అన్నాను. "అంత కనబడింది. చప్పట్లు కొట్టిన నేను. మీ పిల్లలందరు ఉపాసముంటె, చెల్లెను మర్చిపోయి చప్పట్లు కొట్టిన."

అతను శ్మశానం బూడిద గీతలున్న తన కాళ్ళు చూసుకున్నాడు.

"ఎన్నిటికి పొగ వస్తా ఉండె?" అన్నాడు.

"లెక్క పెట్టలే."

"పొగ తెల్లంగా ఉండెనా, నల్లంగానా?"

"తెల్లంగనే. ఒకే దిక్కు వంగి."

"ఏ దిక్కుకు?"

చెయ్యెత్తి చూపించాను. అతను ఆ చెయ్యి వైపు చూసి తలాడించాడు. "గాలి క్వార్టర్స్ మీదికి ఉండాది ఐతే" అన్నాడు. "బట్టలు తీసుకోవాల."

ఆ మాట ఎవరితో అన్నాడో ఇద్దరికీ తెలుసు. నేను లేచి గ్లాసు తీసుకుని లోపలికి పోయాను.